మన మనసు బాగోలేని రోజుల గురించి నలుగురిలో చెప్పాలా? సభలో మాట్లాడమన్నారు, సలహా కావాలి

మూడోఅంతస్తు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నవాణ్ణే గానీ రాయడం ఇదే మొదటిసారి. మేముండే నివాస సముదాయంలో అక్టోబరు 10న మానసిక ఆరోగ్యం మీద ఒక సాయంత్రం సభ పెట్టాలని సంఘం నిర్ణయించింది. ఒక వైద్యుడు మాట్లాడతారు, ఆయన తరువాత అనుభవం ఉన్నవారు ఎవరైనా ఓ పది నిమిషాలు మాట్లాడితే బాగుంటుందని అంటూ కార్యదర్శిగారు నావైపు చూశారు. ఆయనకు నా సంగతి తెలుసు. రెండేళ్ళ క్రితం నేను ఏడు నెలలపాటు తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నాను. ఆ రోజుల్లో ఒకనాడు తాళంచెవి చేతిలో పట్టుకుని, పైకి వెళ్ళాలో కిందికి వెళ్ళాలో తోచక లిఫ్టు దగ్గర నిలబడిపోతే ఆయనే నన్ను ఇంటి దాకా తీసుకువచ్చి దిగబెట్టారు. ఈ రెండేళ్ళలో ఆ ప్రస్తావన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మిగతావారందరికీ నేను చెప్పింది నడుము నొప్పి. సెలవు పెట్టడానికీ, ఫోను ఎత్తకపోవడానికీ, ఎవరింటికీ వెళ్ళకపోవడానికీ అదే సాకు. వచ్చినవారి కంటపడినా అనుమానం రాకూడదని మాత్రలను అట్టల్లోంచి తీసి ఒక ఖాళీ విటమిన్ సీసాలో పోసుకునేవాణ్ణి. రెండు రకాలూ ఒకే తెలుపు, ఒకే గుండ్రం. ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో తేల్చుకోవడానికి దీపం కింద అరచేతిలో పోసుకుని, మీద చెక్కిన అంకె కోసం కళ్ళు చికిలించి చూసేవాణ్ణి. ఒకసారి రెండు రోజులు తారుమారుగా వేసుకున్నాను కూడా.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మందులు వైద్యుడి సలహా మీదే క్రమంగా తగ్గించి ఆపేశాం. సభలో మాట్లాడే విషయం మీ ఇష్టమేనని నా భార్య అంటోంది. తగ్గిపోయింది కదా, మానిన పుండును మళ్ళీ గోకడం దేనికని మా అన్నయ్య అంటున్నాడు. ఇద్దరి మాటల్లోనూ సబబు కనిపిస్తోంది, అందుకే నిద్ర పట్టడం లేదు. మాట్లాడాలా, వద్దా?

నీలికలం

మాట్లాడండి. సంకోచం సహజమే, అయినా మాట్లాడండి.

అక్టోబరు 10ని ప్రపంచ మానసిక ఆరోగ్య దినంగా వరల్డ్ ఫెడరేషన్ ఫర్ మెంటల్ హెల్త్ అనే సంస్థ 1992లో మొదలుపెట్టింది. అప్పటినుంచి ఏటా సభలు జరుగుతూనే ఉన్నాయి. నేను హాజరైన వాటిలో సగానికి పైగా ఒకే తీరుగా నడిచాయి. తెర మీద మెదడు బొమ్మ, లక్షణాల పట్టిక, ఆపైన చప్పట్లు. ఆ పట్టిక చూసి ఎవరూ మారిన దాఖలా నాకు కనబడలేదు. 2019లో ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, అంటే దాదాపు 97 కోట్ల మంది, ఏదో ఒక మానసిక రుగ్మతతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. ఆ అంకె విన్నవాడు అబ్బో అంటాడు, ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ ఎనిమిదిమందిలో ఒకరు తనతో రోజూ మెట్లెక్కే మనిషేనని తెలిసినప్పుడు మాత్రం ఇంటికి వెళ్ళాక కూడా ఆలోచిస్తాడు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2022లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్, మానసిక వ్యాధులున్నవారి పట్ల చిన్నచూపును తగ్గించే మార్గాలన్నిటినీ పరిశీలించి, ఆ వ్యాధిని అనుభవించినవారితో నేరుగా ఏర్పడే పరిచయమే అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని తేల్చింది. మీ కార్యదర్శిగారికి ఆ నివేదిక సంగతి తెలుసో లేదో గానీ, సరైన మనిషినే అడిగారు.

జాగ్రత్తరాయుడు

నీలికలంగారు చెప్పినది వినడానికి బాగానే ఉంది. అయితే చెప్పినవాడికి ఆ తరువాత ఏమవుతుందన్న ప్రశ్న వారి సమాధానంలో లేదు. నాకు జరిగింది చెబుతాను. సంస్థ పేరు, ఊరు పేరు అడగకండి.

ఆరేళ్ళ క్రితం మా కార్యాలయంలో "మనసు విప్పి మాట్లాడుకుందాం" అంటూ ఒక వారం జరిపారు. నాకు తీవ్రమైన ఆందోళన రుగ్మత ఉందనీ, చికిత్స తీసుకుంటున్నాననీ మా పై అధికారికి చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు, భుజం తట్టారు. ఆ మరుసటి నెల నుంచి ముఖ్యమైన పనులు నా బల్ల మీదికి రావడం మానేశాయి. "మీ మీద ఒత్తిడి పెట్టడం ఇష్టం లేక" అన్నారు. ఒకరోజు లెక్కల్లో నిజంగానే ఒక తప్పు దొర్లితే, దాన్ని ఎత్తిచూపుతూ కాస్త గొంతు పెంచాను. ఎదురుగా కూర్చున్న సహోద్యోగి తల పక్కకు వాల్చి, ఎంతో జాలిగా, "ఇవాళ మందు వేసుకున్నారా?" అని అడిగాడు. లెక్కలో తప్పు అలాగే ఉండిపోయింది. గదిలో అందరూ నావైపు చూశారు.

అప్పటినుంచి నా కోపానికి కారణం ఉండదు, నా అలసటకు కారణం ఉండదు, నా అభిప్రాయానికి విలువ ఉండదు. అన్నిటికీ ఒకే సంజాయిషీ. నోరు దాటిన మాటను వెనక్కి తీసుకోలేము. మూడోఅంతస్తుగారూ, మీరుండేది నివాస సముదాయం, ఉద్యోగం మారినంత తేలికగా ఇల్లు మారలేరు. ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

రాత్రిపాళీ

మానసిక వైద్య విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. పైన రాసిన ఇద్దరి మాటలూ నిజమే, రెండూ నేను కళ్ళారా చూసినవే.

దాచడం వల్ల జరిగే నష్టం బయటివారికి కనబడదు కాబట్టి దాని గురించి ముందు చెబుతాను. కుంగుబాటుకు ఇచ్చే మందులు వేసుకోగానే గుణం కనిపించదు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. నోరు ఎండిపోవడం, వికారం, మగత వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. అంటే తొలి పది, పదిహేను రోజులు రోగికి కష్టమే తప్ప ఫలితం కనబడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే "ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు" అనే మనిషి పక్కన కావాలి. ఎవరికీ చెప్పని రోగికి ఆ మాట అనేవారు ఉండరు, పన్నెండో రోజున మందు ఆపేస్తాడు. మళ్ళీ మా దగ్గరికి వచ్చేసరికి మూడు నెలలు గడిచి ఉంటాయి, వ్యాధి ముదిరి ఉంటుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలని చెబుతాం. విటమిన్ సీసా మీద ఆధారపడి అంతకాలం నెట్టుకురావడం ఎంత కష్టమో మూడోఅంతస్తుగారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక రెండో వైపు. రహస్యం వేరు, సొంత సంగతి వేరు. బయటపడితే ఏమవుతుందోనని క్షణక్షణం భయపడుతూ దాచేది రహస్యం. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో మనమే నిర్ణయించుకునేది సొంత సంగతి. బహిరంగంగా మాట్లాడటమంటే సొంత సంగతులన్నీ వీధిలో పరవడమని చాలామంది అనుకుంటున్నారు. నా రోగులకు నేను చెప్పేది, మొదట ఒక్కరికి చెప్పండి, ఆ ఒక్కరూ ఆ మాటను ఎలా మోశారో చూసి రెండోవారి సంగతి ఆలోచించండి అని. జాగ్రత్తరాయుడుగారు మొదటే తన జీతాన్ని నిర్ణయించే మనిషికి చెప్పారు. తప్పు వారిది కాదు, చెప్పమని పిలిచి వినడం చేతకాని చోటిది. కానీ నష్టం మాత్రం వారికే జరిగింది.

ఒకతల్లి

మీ చర్చ అంతా చదివాను. బాధగా ఉంది, కొంచెం కోపంగా కూడా ఉంది, క్షమించండి.

ఇటువంటి సభలన్నిటిలోనూ కుంగుబాటు గురించీ, ఆందోళన గురించీ మాట్లాడతారు. వేదిక ఎక్కేది ఎప్పుడూ తేరుకున్నవారే. మా అబ్బాయికి స్కిజోఫ్రీనియా, అంటే లేనివి ఉన్నట్టు వినబడి, కనబడి, ఆలోచనలు గతి తప్పే వ్యాధి. ఇరవై ఒకటో ఏట మొదలైంది, ఇప్పుడు ముప్ఫై నాలుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. అంటే మీ సముదాయంలో కూడా ఒక తలుపు వెనక మాలాంటి తల్లి ఉండే అవకాశం ఉంది. ఆమెను వేదిక మీదికి ఎవరూ పిలవరు. ఆమె కొడుకును అసలే పిలవరు.

మాటల గురించి ఒక్క సంగతి చెబుతాను. మన భాషలో "పిచ్చి" అనేది ఎంత చనువైన మాటో చూడండి. ఆట పిచ్చి అంటాం, పుస్తకాల పిచ్చి అంటాం, పిచ్చి గీతలంటాం, ప్రేమ ఎక్కువైతే "పిచ్చి తల్లీ" అంటాం. మా వాణ్ణి చిన్నప్పుడు నేను "పిచ్చి నాన్నా" అని పిలిచేదాన్ని. బువ్వ తినకుండా పరిగెత్తినా అదే, బడి నుంచి బొమ్మ గీసుకుని వచ్చినా అదే. వ్యాధి పేరు తెలిసిన రోజు నుంచి ఆ పిలుపు మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. పదమూడేళ్ళయింది. ఒకరోజు వాడే, మందులు బాగా పనిచేస్తున్న మంచి రోజుల్లో, "అమ్మా, నన్ను అలా పిలవడం ఎందుకు మానేశావు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జపాన్ దేశంలో ఈ వ్యాధికి చీలిపోయిన మనసు అనే అర్థం వచ్చే పేరు ఉండేదట. ఆ పేరు మార్చమని 1993లో రోగుల కుటుంబాల సంఘం అక్కడి మానసిక వైద్యుల సంస్థను కోరింది. 2002లో పేరు మార్చారు. కొత్త పేరుకు మనసులోని అంశాల మధ్య సమన్వయం తప్పడమని అర్థం. పాత పేరున్నప్పుడు తనకు ఏ వ్యాధి ఉందో వైద్యుడి నోట విన్న రోగులు నూటికి 37 మంది. మూడేళ్ళు తిరిగేసరికి అది 70కి చేరింది. అంటే అంతకుముందు వైద్యులకే ఆ పేరు పలకడానికి నోరు రాలేదన్నమాట. వైద్యుల నోరే పెగలని చోట తల్లులెలా మాట్లాడతారు?

మూడోఅంతస్తుగారూ, మీరు మాట్లాడండి. మాట్లాడేటప్పుడు మాలాంటివారి కోసం కూడా ఒక్క వాక్యం చెప్పండి.

తెల్లకాగితం

ఒకతల్లిగారికి నమస్సులు. మీ మాట చదివాక నా ప్రశ్న అల్పంగా తోస్తోంది, అయినా అడుగుతాను, ఎందుకంటే బయట చాలామంది మనసులో ఉన్నది ఇదే.

నేను ఉపాధ్యాయుణ్ణి. పదేళ్ళ క్రితం పిల్లలు పరీక్షంటే భయంగా ఉందనేవారు, ఇప్పుడు నాకు యాంగ్జైటీ ఉందంటున్నారు. స్నేహితుడితో మాట పట్టింపు వస్తే డిప్రెషన్ అంటున్నారు. ఇల్లు పొందికగా సర్దుకునేవాడు తనకు ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే రుగ్మత) ఉందని నవ్వుతూ చెప్పుకుంటున్నాడు. బహిరంగంగా మాట్లాడటం మొదలుపెట్టాక ప్రతి దిగులుకూ ఒక వ్యాధి పేరు తగిలించే అలవాటు పెరిగిందా? అలా అయితే నిజంగా వ్యాధి ఉన్నవాడి గొంతు ఈ సందడిలో వినబడదేమో?

రాత్రిపాళీ

అల్పమైన ప్రశ్న ఏమీ కాదండీ. మా విభాగంలో కూడా దీని మీద వాదనలు జరుగుతాయి.

మన భాషలోనే దీనికి కొంత సమాధానం ఉంది. దిగులు, బెంగ, గుబులు, చింత, విచారం, కుంగుబాటు అని మనకు ఎన్ని మాటలు ఉన్నాయో చూడండి. బెంగ ఎవరి మీదనో పెట్టుకుంటాం, గుబులు ఏదో జరగబోతోందని కలుగుతుంది, విచారానికి కారణం చెప్పగలం. ఇవన్నీ వ్యాధులు కావు. ఈ మాటలన్నిటినీ పక్కన పెట్టి అన్నిటికీ డిప్రెషన్ అనే ఒకే మాట వాడటం వల్ల వచ్చిన చిక్కే ఎక్కువ.

వైద్యులు చూసేవి ముఖ్యంగా రెండు. ఎంతకాలంగా ఉంది, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీసింది. కుంగుబాటును గుర్తించడానికి ప్రపంచమంతటా వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. అందులోని ప్రతి ప్రశ్న గడిచిన రెండు వారాల గురించే అడుగుతుంది. ఆసక్తి పోయిందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఏకాగ్రత కుదురుతోందా, చనిపోతే బాగుండుననే ఆలోచనలు వస్తున్నాయా అన్నవి అందులో ఉంటాయి. అది రోగ నిర్ధారణ కాదు, వైద్యుణ్ణి కలవాలా వద్దా అని తెలుసుకునే మొదటి మెట్టు. పరీక్ష ముందురోజు నిద్ర పట్టని పిల్లవాడికీ, మూడు వారాలుగా పుస్తకం తెరవలేక, స్నానం చేయలేక, ఇష్టమైన ఆట కూడా ఆడలేక మంచం మీద ఉన్న పిల్లవాడికీ తేడా ఉపాధ్యాయులుగా మీకే ముందు తెలుస్తుంది.

ఒక్క మనవి మాత్రం చేస్తాను. పిల్లవాడు తప్పు పేరు పెట్టి చెప్పినా, ముందు ఆ పేరును సరిదిద్దకండి. "ఏమవుతోందో చెప్పు" అనండి. పేరు తప్పు కావచ్చు గానీ, చెప్పుకోవాలని రావడం తప్పు కాదు.

నిర్వాహకులు

సభ్యులకు విన్నపం. చర్చ మర్యాదగా సాగుతున్నందుకు సంతోషం. ప్రాణం తీసుకోవడం గురించి రాయవలసి వస్తే పద్ధతుల వివరాలు రాయకండి, అటువంటి వాక్యాలను తొలగిస్తాం. చదువుతున్నవారిలో ఎవరికైనా ఇప్పుడే అటువంటి ఆలోచనలు వస్తుంటే ఇక్కడ సమాధానం కోసం ఎదురుచూడకుండా దగ్గరలో ఉన్న మనిషిని పిలవండి, అత్యవసర సేవలకు గానీ మీ ప్రాంతంలోని సహాయవాణికి గానీ వెంటనే ఫోను చేయండి.

మూడోఅంతస్తు

అందరికీ కృతజ్ఞతలు. మాట్లాడాలనే నిర్ణయానికి దాదాపుగా వచ్చాను. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, ఏ మందు వాడానో చెప్పాలా? రెండోది కష్టమైనది. ఆ ఏడు నెలల్లో ఒక రాత్రి, ఇక చాలు అనిపించిన రాత్రి, ఒకటి ఉంది. అది దాటి వచ్చాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఆ రాత్రి గురించి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుందనిపిస్తోంది. చెబితే వినేవారిలో ఎవరికైనా హాని జరుగుతుందేమోనని భయంగా ఉంది.

నీలికలం

నేను పాత్రికేయ వృత్తిలో ఉన్నాను కాబట్టి రెండో సందేహానికి నాకు తెలిసినది చెబుతాను. ప్రసిద్ధుల బలవన్మరణాల వార్తలు పత్రికల్లో ప్రముఖంగా వచ్చిన తరువాత అటువంటి మరణాలు పెరుగుతున్నాయని డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో చూపించారు. అందుకే మాకు నియమాలున్నాయి: పద్ధతి రాయకూడదు, స్థలం రాయకూడదు, ఒకే కారణం అంటగట్టకూడదు. దీనికి మరోవైపు 2010లో ఆస్ట్రియా పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. చావాలనే ఆలోచన వచ్చినా ఆ కష్టకాలాన్ని మరో దారిలో దాటుకొచ్చినవారి గురించి రాసిన వార్తల తరువాత మరణాలు తగ్గుముఖం పట్టడం వారు గమనించారు. కాబట్టి ఆ రాత్రి గురించి చెప్పండి, కానీ చీకటి దగ్గర ఆగిపోకండి. ఆ రాత్రి మీరు ఎవరిని లేపారు, వారు ఏమన్నారు, తెల్లవారాక ఎక్కడికి వెళ్ళారు అన్నవాటికి ఎక్కువ సమయం ఇవ్వండి.

మాట విషయంలో కూడా ఒక సూచన. "ఆత్మహత్య" అనే మాటలోనే హత్య ఉంది, వింటే నేరం జరిగినట్టు ధ్వనిస్తుంది. "చేసుకోబోయాను" అంటే నేరాంగీకారంలా ఉంటుంది. "ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చింది" అంటే సరిపోతుంది, అది ఆలోచనేనని, వచ్చి పోయిందని విన్నవారికి తెలుస్తుంది.

రాత్రిపాళీ

మందు పేరు చెప్పకండి. మీకు సరిపడినది ఇంకొకరికి సరిపడకపోవచ్చు, విన్నవారు దుకాణానికి వెళ్ళి అదే అడిగే ప్రమాదం ఉంది.

సభ అయిపోయాక ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారని నా అనుభవం. అక్కడికక్కడే రాకపోయినా తరువాత వస్తారు. వారికి మీరు వైద్యుడు కానక్కరలేదు. ఎక్కడికి వెళ్ళాలో ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. వారి మాటల్లో బతకాలని లేదన్న సూచన వినబడితే, "చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందనే భయం చాలామందికి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అపోహగా స్పష్టంగా పేర్కొంది. అడిగినప్పుడు మనిషి ముఖంలో కనబడేది చాలాసార్లు ఉపశమనమే. 2021లో ప్రపంచవ్యాప్తంగా ఏడు లక్షల ఇరవై ఏడు వేల మంది తమ ప్రాణం తామే తీసుకుని మరణించారు. వారిలో ఎంతమందిని ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటారోనని రాత్రి విధుల్లో అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.

వినడానికి పెద్ద చదువులు అక్కరలేదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో, వైద్యులు చాలినంతమంది లేని పరిస్థితిలో, పద్నాలుగు మంది అమ్మమ్మల వయసు స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్ల కింద బల్లలు వేయించి కూర్చోబెట్టారు. వచ్చినవారు ఆ బల్ల మీద వారి పక్కన కూర్చుని తమ కష్టం చెప్పుకుంటారు. అక్కడి షోనా భాషలో ఈ స్థితిని "కుఫుంగిసిసా" అంటారు, అతిగా ఆలోచించడమని అర్థం. అమ్మమ్మలు ఆ మాటే వాడారు, వైద్యుల మాట వాడలేదు. 24 క్లినిక్‌లలో జరిపిన పరీక్షలో, మామూలు చికిత్స పొందినవారికన్నా ఆ బల్ల మీద కూర్చున్నవారిలో ఆరు నెలల తరువాత లక్షణాలు తక్కువగా ఉన్నాయని 2016లో ప్రచురించారు.

జాగ్రత్తరాయుడు

చిబాండా ఉదాహరణ నాకు నచ్చింది. ఎందుకో గమనించారా? అక్కడ శిక్షణ ఇచ్చింది వినేవారికి. మన సభల్లో మాత్రం బాధపడినవాణ్ణే నిలబెట్టి, ధైర్యంగా మాట్లాడు, నీ వల్ల సమాజం మారుతుంది అంటాం. కాలు విరిగినవాడే కర్రసాము చేసి చూపించాలన్నట్టుగా ఉంటుంది.

చెప్పించడం అన్నివేళలా మేలు చేయదు కూడా. పెద్ద ప్రమాదాల తరువాత బాధితులందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతి 1980లు, 90లలో బాగా ప్రచారంలో ఉండేది. తరువాత జరిగిన పరిశీలనల్లో దానివల్ల మానసిక గాయం తగ్గలేదనీ, కొందరికి హాని కూడా జరిగిందనీ తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి ఇచ్చిన మార్గదర్శిలో ఉన్న సలహా ఏమిటంటే, పక్కన ఉండండి, అవసరాలు చూడండి, చెబితే వినండి, చెప్పమని ఒత్తిడి పెట్టకండి అని.

కాబట్టి మూడోఅంతస్తుగారూ, మీరు మాట్లాడదలిస్తే మాట్లాడండి, నేను అడ్డు చెప్పను. కానీ మీ కార్యదర్శిగారికి ఒక షరతు పెట్టండి. మీకన్నా ముందు ఆయన లేచి, "ఎవరైనా నా దగ్గరకు వచ్చి ఇటువంటిది చెబితే నేను ఇది చేస్తాను, ఇది చేయను, ఎవరికీ చెప్పను" అని అందరి ముందూ అనాలి. నా కార్యాలయంలో ఆ ఒక్క మాట అన్నవాడు లేడు.

ఒకతల్లి

ఈ షరతు నాకు కూడా కావాలి.

మూడోఅంతస్తు

సభ నిన్న జరిగింది. మీరందరూ అడుగుతారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నలభై కుర్చీలు వేశారు, ఇరవై ఆరు నిండాయి. జాగ్రత్తరాయుడుగారి షరతును కార్యదర్శిగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత "అది నేను రాసుకోవాలి, నోటికొచ్చినట్టు చెప్పే మాట కాదు" అని, నిజంగానే ఒక చీటీ మీద రాసుకుని వచ్చి చదివారు. చదువుతున్నప్పుడు ఆయన చేయి వణికింది. లిఫ్టు దగ్గర నన్ను చూసిన రోజు గురించి మాత్రం ఏమీ అనలేదు, దానికి ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నేను పదకొండు నిమిషాలు మాట్లాడాను. నడుము నొప్పి అబద్ధమని చెప్పినప్పుడు ఒకరిద్దరు నవ్వారు, నేనూ నవ్వాను. విటమిన్ సీసా చూపించాను. ఆ రాత్రి గురించి నాలుగు వాక్యాలు చెప్పి, నా భార్యను నిద్ర లేపిన సంగతి, ఆమె దీపం వేయకుండా నా చేయి పట్టుకుని కూర్చున్న సంగతి, తెల్లవారాక ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళిన సంగతి చెప్పాను. ఒకతల్లిగారు అడిగిన ఒక్క వాక్యం మూడు వాక్యాలైంది. తేరుకున్నవారిని వేదిక ఎక్కించడం సులభమనీ, ఇంకా మందుల మీదే ఉన్నవారూ, ఎప్పటికీ ఉండవలసినవారూ మన మధ్యే ఉన్నారనీ, వారి ఇంటి తలుపు తట్టడానికి వ్యాధి తగ్గేదాకా ఆగనక్కరలేదనీ అన్నాను.

సభ ముగిశాక నా దగ్గరికి ఎవరూ రాలేదు. అందరూ చాలా మర్యాదగా, నాకు కాస్త దూరంగా నడిచి వెళ్ళిపోయారు. జేబులో కాగితం అలాగే ఉండిపోయింది. ఇంటికి వచ్చి, తప్పు చేశానా అని చాలాసేపు అనుకున్నాను.

ఈ ఉదయం లిఫ్టులో, ఇన్నేళ్ళలో నాతో తల ఊపడం తప్ప మాట్లాడని ఒక పెద్దాయన ఎక్కారు. రెండు అంతస్తులు గడిచాక, తలుపు వైపే చూస్తూ, "ఆ వైద్యుణ్ణి కలవాలంటే ముందుగా ఫోను చేసుకోవాలా, నేరుగా వెళ్ళవచ్చా?" అని అడిగారు. తనకోసమో ఇంకెవరికోసమో చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితం తీసి ఇచ్చాను. మడత విప్పకుండానే చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే జాగ్రత్తరాయుడుగారికి అన్యాయం చేసినట్టవుతుంది. ప్రతి ఆదివారం మా సముదాయంలోని పిల్లలకు చదరంగం నేర్పుతాను. ఏడుగురు వస్తారు. ఇవాళ ఐదుగురే వచ్చారు. మిగతా ఇద్దరి ఇళ్ళలోనూ తలనొప్పిగా ఉందని చెప్పారట.

ఒకతల్లి

ఆ మూడు వాక్యాలూ మా వాడికి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. మీరు ఇంకోసారి సభ పెడితే మాట్లాడడు గానీ కుర్చీలు వేయడానికి వస్తానని చెప్పమన్నాడు. మా ఊరు, మీ ఊరు ఒకటో కాదో కూడా తెలియదు, అయినా రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను.

తెల్లకాగితం

సోమవారం నుంచి తరగతిలో పిల్లలెవరైనా "సార్, నాకు డిప్రెషన్" అంటే, ముందు కూర్చోమని చెప్పి వింటున్నాను. ఇప్పటికి ఇద్దరు వచ్చారు. ఒకరిది స్నేహితుడితో గొడవ. రెండోవారి విషయం తల్లిదండ్రులతో మాట్లాడవలసినదని పిల్లవాడికే చెప్పి, వాడు ఒప్పుకున్నాక వారిని పిలిపించాను.

జాగ్రత్తరాయుడు

మూడోఅంతస్తుగారూ, వారం దాటింది. ఆ ఇద్దరు పిల్లలు ఈ ఆదివారం వచ్చారా?

మూడోఅంతస్తు

ఒకడు వచ్చాడు. వాళ్ళ నాన్న కింద దాకా దిగబెట్టి, ఆట అయ్యేవరకు బల్ల పక్కనే నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు నా నడుము ఎలా ఉందని అడిగారు. ఎగతాళో, పలకరింపో నాకు అర్థం కాలేదు. బాగానే ఉందని చెప్పాను.